అలసంద వడల నూనె, ఒక సీసా, రెండు పొరలు

(తిరుపతిలో ఒక కాలేజీ సెమినార్ హాల్లో టిఫిన్ బండ్లవాళ్లు, చిన్న హోటళ్లవాళ్లు, కెమిస్ట్రీ విద్యార్థుల ముందు వాడిన వంటనూనెను బయోడీజిల్‌గా, అంటే డీజిల్ బదులు వాడే ఇంధనంగా మార్చడం గురించి ఒక రిటైర్డ్ లెక్చరర్ మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఉన్న అన్నలు, అక్కలు సాయంత్రం బండి సర్దుకునే టైములో పని ఆపుకుని వచ్చారు. పొయ్యి వెలిగించే వేళకు మిమ్మల్ని పంపించేస్తాను. వెనక వరుసల్లో ఉన్న పిల్లలకు తొందరేమీ లేదని నాకు తెలుసు, అటెండెన్స్ వేస్తారు కదా.

ఉపన్యాసం తర్వాత, ముందు ఒక పని చేద్దాం. ఈ సీసా చూడండి. నిన్న రాత్రి పదింటికి బైరాగిపట్టెడలో ఒక అక్క బండి దగ్గర తీసుకున్న నూనె ఇది. అలసంద వడలు, మిరపకాయ బజ్జీలు వేసి వేసి, ఇక చాలనుకున్న నూనె. ఆమె ఇక్కడే కూర్చుంది, పేరు మాత్రం చెప్పొద్దంది. "పారబోసేది కూడా అడుక్కుపోతారా సార్" అని నవ్వింది. రంగు చూస్తే చిక్కటి డికాషన్‌లా ఉంది. పొద్దున మా పిల్లలు పలచటి గుడ్డలో వడగట్టి, 110 డిగ్రీల దాకా కాచి, చల్లార్చి తెచ్చారు. ఎందుకు కాచారో తర్వాత చెబుతాను.

ఇప్పుడు ఈ చిన్న గ్లాసులో ఈ నూనె 1 మిల్లీలీటరు. దాంట్లో 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాలు, శానిటైజర్ వాసన వస్తుంది చూడండి, అదే. రెండు చుక్కల ఫినాఫ్తలీన్, నూనెలో పులుపు తీరిపోగానే గులాబీ రంగు చూపించే మందు. ఈ సిరంజిలో ఉన్నది కాస్టిక్ సోడా నీళ్లు, లీటరుకు 1 గ్రాము లెక్కన కలిపింది. ఏమ్మా, నువ్వు రా. చుక్క చుక్కగా వెయ్యి, గ్లాసు తిప్పుతూ ఉండు. గులాబీ రంగు వస్తుంది, పోతుంది. పోనీ. అర మిల్లీ అయింది... ఒకటి... ఒకటిన్నర. ఇప్పుడు రంగు నిదానంగా పోతోంది, జాగ్రత్త. ఆగు ఆగు. నిలబడింది. ఎంత? రెండు.

రెండు. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, ఈరోజు నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. పిల్లలూ, లీటరు నూనెకు మామూలుగా 3.5 గ్రాముల కాస్టిక్ సోడా, ఇప్పుడొచ్చిన 2 దానికి కలపండి, 5.5 గ్రాములు. 200 మిల్లీలీటర్ల మెథనాల్లో పూర్తిగా కరిగించాలి. పక్క ల్యాబ్‌లో, ఎగ్జాస్ట్ ఫ్యాను కింద, కళ్లజోడు, గ్లవుజులు వేసుకుని చెయ్యండి. నూనె 55 డిగ్రీలు దాటొద్దు, మెథనాల్ 65 దగ్గర మరుగుతుంది. బాగా కలిపి, మూత బిగించి తీసుకురండి. వెళ్లండి.

వాళ్లు వచ్చేలోపు ఒక పాత సంగతి చెబుతాను. 1900లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక డీజిల్ ఇంజన్‌ను దేనితో నడిపారో తెలుసా? చెనక్కాయ నూనెతో. మన జిల్లాలో వాన పడితే పండి, పడకపోతే ఎండే ఆ చెనక్కాయే. ఇంజన్‌కు ఏ మార్పూ చేయకుండా నడిపారని, చూసేవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియలేదని రుడాల్ఫ్ డీజిల్ తర్వాత 1912లో చెప్పాడు. ఫ్రెంచి వాళ్లకు ఆఫ్రికా వలసల్లో చెనక్కాయ బాగా పండేది, అక్కడే ఇంధనం తయారవుతుందా అని వాళ్ల ఆశ. మరుసటి సంవత్సరం ఇంగ్లండుకు ఓడలో పోతూ రాత్రికి రాత్రి డీజిల్ మాయమయ్యాడు. అది వేరే కథ, మనకు ఇప్పుడొద్దు.

అయితే అంత బాగా నడిచినప్పుడు నూనెను నేరుగా ట్యాంకులో పోసుకోవచ్చు కదా, ఈ గులాబీ రంగులు, కాస్టిక్ సోడాలు ఎందుకు? మీ బాణలి అంచు గుర్తు తెచ్చుకోండి. నూనె మట్టానికి కాస్త పైన గోధుమ రంగులో జిగటగా ఒక పొర పట్టుకుని ఉంటుంది. గోరుతో గీకినా రాదు, విమ్ సబ్బుకు కూడా లొంగదు. వేడికి, గాలికి నూనె అణువులు ఒకదానికొకటి అతుక్కుని ప్లాస్టిక్‌లా గట్టిపడితే వచ్చేది అది. ఇంజన్‌లో డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్మే నాజిల్ ఉంటుంది. దాని రంధ్రాల దగ్గర అదే పొర పట్టిందనుకోండి, మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే. ఇక చిక్కదనం. మామూలు డీజిల్ కంటే వంటనూనె దగ్గర దగ్గర పది రెట్లు చిక్కన. 1900 నాటి మొరటు ఇంజన్ దాన్ని తాగింది కానీ, నేటి ఇంజన్‌కు గొంతు దిగదు.

ఎందుకంత చిక్కన? ఒక దండెం ఊహించుకోండి, దాని మీద మూడు పొడుగాటి పంచెలు. అదే నూనె అణువు. దండెం పేరు గ్లిజరిన్, పంచెల పేరు ఫ్యాటీ ఆసిడ్లు. మూడూ ఒకే దండేనికి వేలాడుతుంటే ఒకదానికొకటి చుట్టుకుంటాయి, సులభంగా పారవు. మనం చేసేదల్లా మూడు పంచెలనూ దండెం నుంచి విప్పి, ఒక్కోదానికి చిన్న పిన్నీసు పెట్టడమే. ఆ పిన్నీసే మెథనాల్. దండెం బరువుగా కిందికి దిగిపోతుంది, పంచెలు విడివిడిగా పైకి తేలతాయి. పైన తేలేదే బయోడీజిల్. కాస్టిక్ సోడా పని తొందర పెట్టడం వరకే, పెళ్లిలో పేరయ్యలాగా. పని అయ్యాక తను మిగిలే ఉంటుంది, దాన్ని కడిగి తీసేయాలి. ట్రాన్స్ ఎస్టరిఫికేషన్ అని పరీక్షలో రాసేది ఇదే నాయనా, అంతకు మించి అందులో ఏమీ లేదు. 1937లో బెల్జియంలో శావాన్ అనే ఆయన పామాయిల్‌తో దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

పుస్తకం లెక్క ప్రకారం 100 కిలోల నూనెకు దాదాపు 11 కిలోల మెథనాల్ చాలు. మనం ఒకటిన్నర రెట్లు పోస్తాం, లేకపోతే చర్య మధ్యలోనే నిలిచిపోతుంది. మిగిలినదాన్ని మళ్లీ ఆవిరి పట్టి వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉంటేనే ఫ్యాక్టరీకి గిట్టుబాటు.

ఇప్పుడు ఆ రెండు అంకె దగ్గరికి వద్దాం. కొత్త నూనెకు ఈ పరీక్ష చేస్తే అది దాదాపు సున్నా వస్తుంది. అక్క బండిలో రెండు వచ్చింది. మరి ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చింది?

వడ నూనెలో పడగానే బుడగలు వస్తాయి కదా. చాలామంది నూనె మరుగుతోంది అంటారు. కాదు, పిండిలో ఉన్న నీళ్లు ఆవిరై బయటికి వస్తున్నాయి. ఆ ఆవిరి పోతూ పోతూ నూనెతో గొడవ పెట్టుకుని కొన్ని దండేల నుంచి పంచెలను ఊడదీసి పడేస్తుంది. అలా దండెం లేకుండా తిరిగే పంచెలనే ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్లు అంటాం, పులుపు గుణం వాటిదే. బజ్జీ పిండి ఎంత జారుగా ఉంటే, మిరపకాయలు ఎంత తడిగా వేస్తే, నూనె అంత త్వరగా పులుస్తుంది. ఉప్పు, మాడిన పిండి తునకలు ఇంకా తోడవుతాయి. అందుకే జల్లిగరిటెతో తునకలు ఎప్పటికప్పుడు తీసేసే బండి నూనె, తీయని బండి నూనె ఒకేలా ఉండవు. డీజిల్ బాగా వస్తుందా రాదా అన్నది మా ల్యాబ్‌లో కంటే ముందు మీ పొయ్యి మీదే తేలిపోతోంది. నేను ఇరవై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాక గానీ ఇది నాకు తలకెక్కలేదు.

ఎలా తలకెక్కిందో కూడా చెప్పాలి, సిగ్గు పడాల్సిన కథ. పన్నెండేళ్ల కిందట నేను, ఒక స్నేహితుడు కలిసి కరకంబాడి రోడ్డులో చిన్న షెడ్డు తీసుకున్నాం. ఒక హోటల్ నుంచి 60 లీటర్ల వాడిన నూనె తెచ్చాం. డబ్బాలు రెండు రోజులు షెడ్డు బయటే మూత లేకుండా ఉన్నాయి, ఒక రాత్రి వాన పడింది. మావాడు "సార్, ఒకసారి టైట్రేషన్ చేద్దామా" అన్నాడు, ఇందాక గులాబీ రంగుతో పులుపు కొలిచామే, ఆ పరీక్షే. "అరే, ఎన్ని వేల టైట్రేషన్లు చేయించాను నేను, రంగు చూస్తే తెలీదా" అన్నాను. కాచి నీళ్లు తీయలేదు, పులుపు కొలవలేదు, డ్రమ్ములో పోసి తిప్పేశాం. తెల్లారి చూస్తే డ్రమ్ము నిండా హల్వా. నిజం, గరిటె గుచ్చితే నిలబడింది. పులిసిన నూనె, నీళ్లు, కాస్టిక్ సోడా, మూడూ కలిస్తే ఏమవుతుందో మా అమ్మకు తెలుసు, సబ్బు అవుతుంది. ఎమ్మెస్సీ చదివిన నాకు తెలియలేదు. డ్రమ్ము దొర్లించి పారబోయబోతే కొంత కింద ఒలికింది, ఆ షెడ్డు నేల మూడు నెలలు జారుతూనే ఉంది. షెడ్డు ఓనరు రెండుసార్లు పడ్డాడు. అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు, మేమూ అడగలేదు.

అందుకే పొద్దున కాచింది. నీళ్లున్నాయో లేదో తెలుసుకోవడానికి మిషను అక్కర్లేదు. చిన్న గిన్నెలో రెండు చెంచాల నూనె వేడి చేయండి. తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు శబ్దం వస్తే నీళ్లున్నట్టే, సద్దు లేకుండా వేడెక్కితే పొడి నూనె. ఇక పులుపు అంకె. రెండు మూడు వస్తే నేరుగా చేసేయొచ్చు. ఐదు ఆరు దాటితే కాస్టిక్ సోడా దగ్గరికే పోవద్దు, ముందు సల్ఫ్యూరిక్ ఆసిడ్, మెథనాల్‌తో ఆ ఊడిన పంచెలకు పిన్నీసులు పెట్టి, తర్వాత రెండో దఫా మామూలు పద్ధతి. ఖర్చు పెరుగుతుంది, తుప్పు పట్టని ట్యాంకులు కావాలి. అది ఫ్యాక్టరీల పని.

మధ్యలో ఒక అన్న చెయ్యెత్తారు. ఏమంటున్నారు? "ఎన్నిసార్లు వాడొచ్చు సార్?" మంచి ప్రశ్న, చట్టం పెట్టిన హద్దు సార్ల లెక్కన కాదన్నా. కేంద్రం ఆహార భద్రతా సంస్థ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, 2018 జూలై 1 నుంచి ఒక హద్దు పెట్టింది. నూనెలో పోలార్ కాంపౌండ్లు, అంటే చెడిపోయిన సరుకు, 25 శాతం దాటితే వంటకు వాడకూడదు. రోజుకు 50 లీటర్ల కంటే ఎక్కువ వాడేవాళ్లు 2019 మార్చి 1 నుంచి రికార్డు రాయాలి, పాత నూనె ఎవరికిచ్చారో కూడా. కొలిచే మీటరు ఉంది, వేడి నూనెలో ముంచితే అంకె చూపిస్తుంది. అది కొనడం మీ బండికి బరువే, నాకు తెలుసు. మీ కళ్లకు, ముక్కుకు అందే గుర్తులు చెబుతాను. నురుగు వచ్చి వెంటనే చావకుండా అంచుల దాకా పొంగుతుందా? పొయ్యి మామూలుగానే ఉన్నా పొగ వస్తుందా? చల్లారాక చేతికి జిగురుగా ఉందా? అయితే దింపేయండి. పాత నూనెలో కొత్త నూనె కలిపి సరిపెట్టడం అందరం చేసేదే, మా ఇంట్లో కూడా జరిగింది. కానీ పాతది కొత్తదాన్ని కూడా త్వరగా చెడగొడుతుంది, పెరుగు తోడు వేసినట్టే.

ఇక అసలు తిరకాసు. దింపిన నూనె ఎక్కడికి పోతుంది? కొంత కాలవలోకి. కొంత ఇంకో రకంగా. టిన్ను నూనె రెండు వేలు దాటాక, పాత నూనెకు కూడా కొనేవాళ్లు తయారయ్యారు. పెద్ద వంటశాలలో దింపిన నూనె చిన్న బండ్ల దగ్గరికి, అక్కడి నుంచి ఇంకా చిన్నవాళ్ల దగ్గరికి చేరుతుంది. ఎవరినీ వేలెత్తి చూపడం లేదు, దేశమంతా ఉన్న గొలుసే. ఈ గొలుసు తెంచడానికే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ఆగస్టులో రూకో అని ఒకటి మొదలుపెట్టింది, వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు మళ్లించే పథకం. ఆగస్టు 10 ప్రపంచ జీవ ఇంధన దినం కదా. మరుసటి ఏడాది అదే రోజున ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు 100 నగరాల్లో ఇలాంటి బయోడీజిల్ కొంటామన్నాయి, మొదటి ఏడాది లీటరు 51 రూపాయలకు. అప్పుడు నేను ఎగిరి గంతేశాను. తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. బయోడీజిల్ చేసేవాడు పాత నూనెకు ఎంత ఇవ్వగలడు? మెథనాలు, కరెంటు, బండి కిరాయి పోను మిగిలేదాంట్లోనే ఇవ్వాలి. మళ్లీ వంటకే అమ్మేవాడికి ఆ ఖర్చులేవీ లేవు, వడగట్టుకుంటే చాలు. అందుకని వాడు ఎప్పుడూ ఒక రూపాయి ఎక్కువే ఇవ్వగలడు. ఇది కెమిస్ట్రీ తీర్చే లెక్క కాదు. కాబట్టి అక్కా, అన్నా, మీ దగ్గరికి పాత నూనె కొనడానికి వచ్చినవాడిని ఒక్క మాట అడగండి, "రసీదు ఇస్తావా, ఏ కంపెనీ పేరుతో?" అని. రసీదు అనగానే బండి స్టార్టు చేసుకుని పోతే మీకే అర్థమవుతుంది.

2018 జాతీయ జీవ ఇంధన విధానంలో 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని రాసుకున్నారు. ఇప్పటికి ఒక శాతం కూడా లేదు. అంతకు ముందు అడవి ఆముదం సంగతి మీలో పెద్దవాళ్లకు గుర్తుండాలి. బంజరు భూముల్లో నాటండి, నీళ్లక్కర్లేదు, డీజిల్ కాస్తుంది అన్నారు. 2009 విధానంలో 2017కల్లా 20 శాతం అని కూడా రాశారు. నీళ్లు లేకపోతే చెట్టు బతికింది, కాయ కాయలేదు. అయినా ఆ చెట్టుకూ ఒక పూట వైభవం దక్కింది, 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఒక విమానం దాని నూనెతో చేసిన ఇంధనం కలుపుకుని ఎగిరింది. ఇప్పుడు విమానాల వాళ్ల చూపు మీ బాణలి మీద పడింది. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027కు ఒక శాతం, 2030కి 5 శాతం ఇలాంటిది కలపాలని మన దేశం పెట్టుకుంది. వాడిన వంటనూనె దానికి మంచి ముడిసరుకు. అంటే ముందు ముందు మీ నూనెకు గిరాకీ పెరిగేదే గానీ తగ్గేది కాదు.

వచ్చారా? ఆ సీసా ఇక్కడ టేబుల్ మీద పెట్టండి. కదిలించొద్దు. అందరూ చూస్తూ ఉండండి, ఈలోపు చీటీల మీద వచ్చిన ప్రశ్నలు చదువుతాను.

"ఇంట్లో చేసుకోవచ్చా?" వద్దు. ఒట్టు పెట్టుకోండి. మెథనాల్ కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణం పోతుంది. కల్తీ సారా చావుల వార్తల్లో వినే పేరు అదే. దానికి మంట అంటుకుంటే పగటిపూట కంటికి కనిపించదు, చెయ్యి కాలాకే తెలుస్తుంది. ఇష్టమొచ్చినట్టు కొని ఇంట్లో దాచుకునే సరుకు కూడా కాదు. మీరు నూనె శుభ్రంగా దాచివ్వండి, చాలు.

"నా స్కూటీలో పోయొచ్చా?" అది పెట్రోలు బండి నాయనా. ఎవరు రాశారో పేరు లేదు, మంచి పని చేశావు.

"మా ట్రాక్టరుకు?" చంద్రగిరి నుంచి ఒకరు అడిగారు. ప్రమాణాలకు తగ్గట్టు తయారైంది డీజిల్‌లో కొద్ది శాతం కలిస్తే ఇంజన్‌కు తేడా తెలియదు. అచ్చంగా పోస్తే మాత్రం కొన్ని సంగతులున్నాయి. పాత రబ్బరు పైపులు మెత్తబడతాయి. ట్యాంకులో ఏళ్ల తరబడి పట్టిన మడ్డిని అది కడిగేస్తుంది, కాబట్టి మొదట్లో ఫిల్టరు తరచూ మూసుకుపోతుంది. జనం బయోడీజిల్ చెడ్డదంటారు, నిజానికి తప్పు పాత మడ్డిది. మైలేజీ కాస్త తగ్గుతుంది, బలం డీజిల్ కంటే పదో వంతు తక్కువ. పొగ తగ్గుతుంది, గంధకం దాదాపు ఉండదు. ఇంకోటి, మన బండ్లలో వాడేది ఎక్కువగా పామాయిల్. దాంతో చేసిన డీజిల్ 15 డిగ్రీల దగ్గరే మబ్బు పట్టినట్టు గడ్డకట్టడం మొదలుపెడుతుంది. కింద తిరుపతిలో ఫరవాలేదు. డిసెంబరు తెల్లవారుజామున తిరుమల కొండ మీదో, హార్స్‌లీ హిల్స్‌లోనో బండి నిలిపితే స్టార్టు కాదు, గోవిందా అనాల్సిందే.

"పొగ బజ్జీల వాసన వస్తుందంట, నిజమా?" నిజమే. కొంచెం వస్తుంది. మా స్నేహితుడు దీంతో జనరేటరు నడిపితే పక్కింటివాళ్లు ఏం వండుతున్నారని అడిగారు.

"నూనె ఎలా దాచాలి?" ఇది అడిగినవాళ్లకు దండం పెట్టాలి. చల్లారాక గుడ్డలో వడగట్టండి. మూత ఉన్న క్యాన్‌లో పోయండి, ఎండలో పెట్టొద్దు, వాన తగలనివ్వద్దు. గిన్నెలు కడిగిన నీళ్లు, సాంబారు, కోడి కూర వేపుడు అడుగు అందులో కలపొద్దు. వారానికోసారి ఇచ్చేయండి, నెలల తరబడి ఉంచితే అది నిలవలోనే ఇంకా పులుస్తుంది.

"ఆ సీసాలో అడుగున ఏదో కనిపిస్తోంది సార్." ఇది చీటీ కాదు, వెనక నుంచి కేక. అవునవును, దిగింది. లైటు ఇటు తిప్పండి. అక్కా, మీరు రండి, దగ్గరగా చూడండి. అడుగున రెండు వేళ్ల మందాన బెల్లం పాకంలా నల్లగా ఉంది కదా, అది గ్లిజరిన్, దండేలన్నీ అక్కడున్నాయి. మిగిలిన సబ్బు, కాస్టిక్ సోడా కూడా దాంట్లోకే ఎక్కువగా దిగాయి. పైన తేనె రంగులో తేటగా ఉన్నది మీ అలసంద వడల నూనె. పొద్దున డికాషన్‌లా ఉండింది. ఇప్పుడే అయిపోలేదు, రాత్రంతా ఇలాగే ఉంచి, రేపు అడుగుది తీసేసి, నీళ్లతో మెల్లగా కడిగి ఆరబెట్టాలి. గట్టిగా కుదిపితే మళ్లీ మజ్జిగ చిలికినట్టు తయారవుతుంది. తర్వాత 27 మిల్లీల మెథనాల్లో ఈ బయోడీజిల్ 3 మిల్లీలు వేసి చూస్తాం, అడుగున నూనె చుక్కలు దిగకపోతే చర్య పూర్తయినట్టు.

మూత తీయొద్దక్కా, లోపల మెథనాల్ ఉంది. చేత్తో పట్టుకుని చూడండి చాలు. ఇంకా వెచ్చగా ఉంది కదా?